ముందు కుడి మూల

సాల్ట్ ఊరికెళ్లే కొండ ఎక్కుడు మీద నాన్న కారు ఆఖరిసారి ఆగిపోయిన రోజునే ఫాదియా నిశ్చయించుకుంది, ఈసారి తనకు నచ్చిన కారే కొనుక్కోవాలని.

సాల్ట్ ఆసుపత్రి ల్యాబులో ఆమెతో పనిచేసేవాళ్లందరివీ హైబ్రిడ్ కార్లే. చప్పుడుండదు, పెట్రోలు తాగదు, అందులో ఎక్కినా దిగినా మనిషికి ఏమీ అనిపించదు. ఒకసారి ఆసుపత్రి డాక్టరమ్మ ఒకామె తన కారులో ఫాదియాను సువైలిహ్ దాకా దింపింది. చిన్న ఎర్ర కారు, టర్బో ఇంజను. కొండ మలుపుల్లో అది రోడ్డును పట్టుకుని తిరుగుతుంటే ఫాదియా కడుపులో చిన్నప్పటి ఉయ్యాల లేచినట్టయింది. ఆ ఉయ్యాల అప్పట్నుంచీ దిగలేదు.

ఏడాదిగా ఫోనులో కార్లు చూస్తూనే ఉంది. మినీ ముద్దుగా ఉంటుంది గానీ వెనక సీట్లో అమ్మ మోకాళ్లు పట్టవు. సుబారు కొండలెక్కడంలో మొనగాడే, కాకపోతే జీతమంతా దాని ట్యాంకులోనే పోయాలి. కుర్రాళ్ల చేతుల్లోంచి వచ్చే హోండాలకు స్ప్రింగులు కోసేసి, సైలెన్సర్లు పీకేసి ఉంటాయి. అన్నీ కొట్టేయగా మిగిలింది పాత గోల్ఫ్ జీటీఐ ఒకటే. అయిదు తలుపులు. డిక్కీలో గ్యాసు సిలిండరు నిలబడుతుంది. బయాదిర్ బజారులో ఏ కొట్టులో అడిగినా సామాను దొరుకుతుంది. కాలు నెమ్మదిగా ఉంచితే మామూలు కారే. రోజూ పనికి పోవడానికి ఇంతకంటే బుద్ధిగల కారు లేదని ఆమె లెక్క. కాలు నొక్కితే సంగతి వేరు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"నలభై దాటాక నీకు పరుగు పందేలేమిటే?" అంది తల్లి, ముక్కలు కోసిన వంకాయలకు ఉప్పు పట్టిస్తూ. తల్లిని వాడలో అందరూ ఉమ్ హైతమ్ అంటారు, హైతమ్ తల్లి అని. ఫాదియా పుట్టినప్పుడు ఉమ్ ఫాదియా అనేవారు. ఏడేళ్లకు తమ్ముడు పుట్టాడు. ఆ రోజు నుంచి ఆ పాత పేరు ఎవరి నోటా రాలేదు.

"పందేలు కాదమ్మా. సాల్ట్ వెళ్లి రావడానికి."

"గాడిద మీద కూడా వెళ్లేవారు సాల్ట్‌కి. తమ్ముణ్ణి అడుగు. వాడేది కొనమంటే అది కొనుక్కో."

అడగక తప్పదు. అమ్మాన్‌లో పాత కారు కొనేవాళ్లు ఒంటరిగా వెళ్లరు. తెలిసినవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుంటారు. వాడు బానెట్ ఎత్తి మూతి విరిస్తే అక్కడితో ఆ బేరం సరి. వాడి మాట కాదని కొంటే, తరవాత బండి నడిరోడ్డు మీద ఆగినా తోయడానికి ఒక్కడు రాడు. ఆ ఇంట్లో తెలిసినవాడు హైతమ్. ఫోన్లు అమ్మే కొట్టులో పనిచేస్తాడు. సొంతానికి రంగు వెలిసిన కొరియా కారు నడుపుతాడు. అయినా బంధువుల్లో ఎవరు టైరు మార్చాలన్నా అతన్ని పిలవాల్సిందే.

మూడు శుక్రవారాలు అక్కను వెంటేసుకుని తిరిగాడు. మొదటి కారులోంచి హుక్కా వాసన వస్తోందన్నాడు. రెండోదాని యజమాని కళ్లు నచ్చలేదన్నాడు. మూడోదాన్ని ఫాదియా నడుపుతుండగా, "అక్కా, ఈ క్లచ్చును తొక్కినట్టే పెళ్లిచూపులకొచ్చిన వాళ్లనీ తొక్కావా ఏమిటే? ఒక్కడు నిలబడలేదు" అన్నాడు. వెనక కూర్చున్న అమ్మకందారు కిసుక్కున నవ్వాడు. ఫాదియా కూడా నవ్వేసింది. ఆ నవ్వు ఆమెకు అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

నాలుగోది తెల్లది. పళ్ల డాక్టరు తామర్‌ది. కవలలు పుట్టబోతున్నారని అమ్ముతున్నాడు. తాళం ఇస్తుంటే అతని ముఖం పిల్లనిచ్చి పంపే తండ్రి ముఖంలా ఉంది.

"జాగ్రత్తగా చూసుకున్నానమ్మా. కొత్తదిగా కొన్నాను, గీత పడనివ్వలేదు. నాకు రోగులున్నారు, మీరు నడిపి చూసి, తనిఖీ కూడా చేయించుకు రండి." నమ్మకానికి హైతమ్ గుర్తింపు కార్డు తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాడు.

సువైలిహ్ దాటాక ఫాదియా కాలు నొక్కింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత వీపు సీటుకు అతుక్కుంది. ఆలివ్ తోటలు, సిమెంటు గోడలు, బంగాళాదుంపల బండి, అన్నీ వెనక్కి తుడుచుకుపోయాయి. మలుపు దగ్గర వేగం తగ్గించి తిప్పింది. కారు అడిగినంతే తిరిగింది, ఒక వేలెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు. తను చెప్పింది చెప్పినట్టు వినేది ప్రపంచంలో ఒకటుందని నలభయ్యొకటో ఏట తెలిసింది ఆమెకు. గట్టిగా నవ్వింది. ఈసారి నోరు దానంతటది తెరుచుకున్న నవ్వు కాదు.

పక్కన హైతమ్ మాట్లాడటం మానేశాడు. అరచేత్తో డాష్‌బోర్డును నెమ్మదిగా నిమురుతున్నాడు. ఫాదియా అది చూసింది. తమ్ముడికి కూడా నచ్చిందని సంతోషపడింది.

అమ్మాన్‌లో కారు గురించి ఎవరైనా మొదట అడిగేది రంగూ కాదు, ధరా కాదు. "నాలుగూ బాగేనా?" అంటారు. కారు కింది చట్రానికి నాలుగు మూలలు. తనిఖీ కేంద్రంలో కింది నుంచి దీపం పెట్టి చూసి ఒక్కో మూలకూ ఒక్కో మాట చెబుతారు. బాగు అంటే బాగు. దెబ్బ అంటే ఎక్కడో గుద్దుకుంది. కోత అంటే ఆ మూల నుజ్జయిపోతే కోసి, వేరేది తెచ్చి అతికించారన్న మాట. కోత పడిన కారున్నవాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు.

తనిఖీ గుంట దగ్గరికి ఆడవాళ్లు వెళ్లరు. వెళ్లకూడదని ఎక్కడా రాసి లేదు, వెళ్లరంతే. ఫాదియా అద్దాల గదిలో కూర్చుని పుదీనా టీ తాగింది. డిక్కీలో ఏం పెట్టాలో, అద్దానికి ఏ పూస కట్టాలో ఆలోచించింది. హైతమ్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. తరవాత చేతిని కత్తిలా చేసి అరచేతి మీద కోశాడు.

"ముందు కుడి మూల. కోసి అతికించారు. డాక్టరు గారు గీత పడనివ్వలేదట! చూశావా వాడి నాటకం?"

"నిజంగానా? ఒకసారి నేనూ..."

"ఏం, నా మాట చాల్లేదా?" గొంతు పెంచాడు. గదిలో ఉన్న మగవాళ్లు తలలు తిప్పారు. "వెళ్లు. గుంటలో దిగి నువ్వే చూసుకో. మా అక్క ఇంజనీరండీ, దారివ్వండి!"

అందరూ నవ్వారు. ఫాదియా టీ గ్లాసు కింద పెట్టింది. "వద్దులే. నీ మాట చాలు" అంది.

నెల తిరక్కుండా హైతమే తన స్నేహితుడి దగ్గరున్న బూడిద రంగు హైబ్రిడ్ ఇప్పించాడు. తనిఖీ మాట ఎత్తితే, "స్నేహితుడి బండికి తనిఖీ ఏమిటే, వాడి పరువు తీస్తావా? నాలుగూ బాగు, నా మెడ మీద ఒట్టు" అన్నాడు. కారు చప్పుడు లేకుండా వెళ్లేది, చప్పుడు లేకుండా ఆగేది. స్టీరింగు వదిలితే కొంచెం కుడికి లాగేది. ఫాదియా ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని నడపడం అలవాటు చేసుకుంది. ఏది ఎటు లాగినా గట్టిగా పట్టుకుని సర్దుకుపోవడం ఆమెకు కొత్తేం కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మఖ్లూబా అన్నం గిన్నెను పళ్లెంలోకి బోర్లించబోతుండగా కింద వీధిలో ఒక చప్పుడు వినిపించింది. గొంతు సవరించుకుని ఆగినట్టు ఉండే చప్పుడు. అది ఫాదియాకు తెలిసిన చప్పుడే. గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. అడుగు మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది.

హైతమ్ వేలికి తాళం తిప్పుకుంటూ పైకొచ్చాడు.

"అక్కా, ముఖమేమిటి అలా పెట్టావ్? నీకు పనికిరాదన్నానే గానీ, కారు పనికిరాదన్నానా? అతుకు మళ్లీ గట్టిగా వేయించాను. మగవాడికి ఫరవాలేదు."

"తెల్లది! నా బంగారం తెల్లది కొన్నాడు!" తల్లి అప్పటికే దిష్టి తగలకుండా కట్టే నీలం పూస వెతుకుతోంది. కసాయిని పిలిపించి వీధిలో కోడిపుంజును కోయించింది. హైతమ్ అరచెయ్యి రక్తంలో ముంచి బానెట్ మీద అద్దాడు. వాడంతా కిటికీల్లోంచి చూసి దీవించింది. అన్నాలయ్యాక తల్లి, "ఫాదియా, ఎలాగూ నీ చేతులు తడిగానే ఉన్నాయి. బకెట్ తీసుకెళ్లి చక్రాల దగ్గర రక్తం కడిగేసి రా. ఎండిపోతే వదలదు" అంది.

ఫాదియా వంగి టైరు కడిగింది. ముందు కుడిది. కడిగి, వీధి చివరికి నడిచి, తామర్‌కు ఫోను చేసింది.

"కోతా?" అన్నాడు డాక్టరు, అర్థం కానట్టు. "నాలుగూ బాగే కదమ్మా. మీ తమ్ముడే చూసుకున్నాడు, మళ్లీ వారం బేరమాడాడు. మీకు వేగమంటే భయం వేసిందని చెప్పాడే?"

ఆమె కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది. ఖాళీ బకెట్ పట్టుకుని మెట్లెక్కింది.  హైతమ్ పెళ్లి కుదిరింది, పిల్ల తరఫువాళ్లు వచ్చే నెల ఇంటికి వస్తున్నారు. పిల్ల తండ్రి అబూ రాకాన్‌కు బయాదిర్‌లో కార్ల సామాన్ల కొట్టుంది. అబూ రాకాన్ ఏమడుగుతాడో ఫాదియాకు తెలుసు. అమ్మాన్‌లో ఎవరైనా అడిగేదే. అతను అడిగే దాకా ఆగితే చాలు. ఆ నెలంతా ఆమె సాల్ట్ మలుపుల్లో కుడికి లాగే కారును పట్టుకుని, ఒకే ఒక్క వాక్యాన్ని మనసులో పదును పెట్టుకుంది.

వాళ్లొచ్చిన రోజు పిల్ల, జుమానా, మెట్లెక్కే ముందే కారు చుట్టూ తిరిగింది. ఇరవయ్యారేళ్ల పిల్ల, ఫార్మసీలో పనిచేస్తుంది, కళ్లు ఒకచోట నిలవవు.

"ఇది మాన్యువలా? నాకు నేర్పిస్తారా?" అంది హైతమ్‌తో, అందరి ముందే.

"నేర్పించకుండానా! తాళం నీ చేతికే ఇస్తా" అన్నాడు అతను.

పైన యాలకుల చేదు కాఫీ అయింది. కునాఫా మిఠాయి పళ్లెం మధ్యలోకి వచ్చింది. అబూ రాకాన్ లావుపాటి మనిషి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"కారు బాగుందోయ్ అల్లుడూ. నాలుగూ బాగేనా?"

"నాలుగూ బాగు మామయ్యా. గుడ్డులో పచ్చసొన ఎంత శుభ్రంగా ఉంటుందో అంత."

ఫాదియా కాఫీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. 

"అదేమిటి తమ్ముడూ? మూడే బాగని నాతో అన్నావు కదా. ముందు కుడి మూల కోసి అతికించారన్నావు. అందుకే కదా నన్ను కొననివ్వలేదు?"

చెంచాలు ఆగిపోయాయి. హైతమ్ నవ్వబోయాడు, నవ్వు సగంలో తప్పిపోయింది.

"కోతా?" అబూ రాకాన్ ముందుకు వంగాడు. ముఖంలో అంతకు ముందున్న చుట్టరికం లేదు. "ఒరేయ్, మా తమ్ముడు కోత బండిలోనే పోయాడు. ఎడారి రోడ్డు మీద రెండు ముక్కలైంది. ముందు ముక్కలో వాడున్నాడు. నా కూతుర్ని అలాంటిదాన్లో తిప్పుతావా?"

"లేదు మామయ్యా, అక్క సరిగ్గా విన్లేదు..."

"బాగా విన్నాను. చేత్తో కోసి కూడా చూపించాడు, ఇదిగో ఇలా" అంది ఫాదియా. చూపించింది కూడా.

"సరే. రేపు పొద్దున్నే నా కొట్టు పక్కన లిఫ్టు మీదకి ఎక్కిద్దాం. ఇనుము అబద్ధమాడదు" అన్నాడు అబూ రాకాన్.

హైతమ్ మెడ మీద చెమట మెరిసింది. కారు కోత పడిందంటే పిల్ల పోతుంది. బాగుందంటే సొంత అక్కను మోసగించినవాడవుతాడు, అలాంటివాడికి పిల్లనెవరిస్తారు? ఎటు తిరిగినా గోడే. నెల రోజులుగా ఫాదియా కట్టిన గోడ. ఆమె తమ్ముడి కళ్లలోకి చూసింది. ఆ తెల్ల కారు మలుపు తిరిగినప్పటి ఉయ్యాల కడుపులో మళ్లీ లేచింది.

అప్పుడు తల్లి నవ్వింది. చేతిలోని జపమాల ఒళ్లో పెట్టుకుని, తీరిగ్గా నవ్వింది.

"చెప్పేయరా నాన్నా, ఇంకా సిగ్గెందుకు? అబద్ధమాడమన్నది నేనే కదా." అబూ రాకాన్ వైపు తిరిగింది. "మీ దగ్గర దాపరికమేముంది అన్నయ్యా. మా అమ్మాయికి నలభై దాటాయి, పెళ్లి లేదు, నాన్న లేడు. ఆ రోడ్డు మీద అంత చప్పుడు చేసుకుంటూ కుర్రాళ్ల కారులో పోతే చూసేవాళ్లు ఏమంటారు? వద్దంటే వినే రకం కాదు. అందుకని వాడితో నేనే చెప్పించాను. పాపం మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు, అక్కకు అబద్ధం చెప్పానే అని."

ఫాదియా తల్లిని చూడలేదు, తమ్ముణ్ణి చూసింది. అతని నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గదిలో అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు అతనే. తల్లి ఈ మాటలు అప్పటికప్పుడు అల్లింది. కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేసినంత సులువుగా.

హైతమ్ తేరుకున్నాడు. తల దించుకున్నాడు. "ఇల్లు కాపాడుకోవాలి కదా మామయ్యా" అన్నాడు.

అబూ రాకాన్ ఒక్క క్షణం ఆలోచించి తొడ మీద ఫెళ్లున చరుచుకున్నాడు. "ఇదీ మగతనమంటే! తన నోరు పాడుచేసుకుని అక్క పరువు కాపాడాడు. విన్నావా జుమానా, నిన్నెవరి చేతుల్లో పెడుతున్నానో?"

జుమానా వింది. కునాఫా ముక్క నోటి దాకా వెళ్లి ఆగింది. మళ్లీ పళ్లెంలోకి దిగింది.

"నువ్వేం బాధపడకమ్మా" అన్నాడు అబూ రాకాన్ ఫాదియాతో, ఉదారంగా. "ఇప్పుడు నీకూ కారుంది కదా?"

"ఉందండీ. బూడిద రంగు హైబ్రిడ్. తమ్ముడే ఇప్పించాడు, స్నేహితుడి దగ్గర."

"మంచిది. దానికీ నాలుగూ బాగేనా?"

"బాగే" అన్నాడు హైతమ్. మరీ తొందరగా అన్నాడు.

"తనిఖీ చేయించలేదండీ" అంది ఫాదియా. "స్టీరింగు వదిలితే కుడికి లాగుతుంది."

అబూ రాకాన్ హైతమ్‌ను చూశాడు. హైతమ్ తివాచీని చూశాడు. ముప్పయ్యేళ్లుగా కార్ల సామాన్లు అమ్మినవాడికి అంతకంటే చెప్పనక్కర్లేదు. ఫాదియాకు కూడా అప్పుడే అర్థమైంది. ముందు కుడి మూల, కోత. తమ్ముడు ఆ మాటలు గాల్లోంచి తెచ్చి చెప్పలేదు. అప్పటికే అతనికి తెలిసిన కోత కారొకటి ఉంది, ఇప్పుడు తను నడుపుతున్నదే. ఆ కారు వివరాలే తెల్లదానికి తగిలించాడు.

"ఎలాగూ లిఫ్టన్నారు కదండీ" అంది. "రేపు పొద్దున్నే దాన్ని ఎక్కిద్దామా?"

అబూ రాకాన్ ఖాళీ కప్పులోకి చూసుకున్నాడు. తాగిన కాఫీ తాగాడు, అంటే సంబంధానికి ఒప్పుకున్నట్టే. ఇచ్చిన మాట ఇచ్చాడు. పెళ్లి హాలు కూడా కుదిరిపోయింది.

"రేపు నాకు పనుందమ్మా" అన్నాడు. "కునాఫా బాగుంది. ఎవరు చేశారు?"

"నేనే" అంది తల్లి. చేసింది ఫాదియా.

వెళ్లేటప్పుడు ఫాదియా బాల్కనీలోంచి చూసింది. పెద్దవాళ్లు తమ కారెక్కారు. జుమానాను ఇంటి దాకా దింపడానికి హైతమ్‌కు అనుమతి దొరికింది. ఆ పిల్ల నవ్వుతూ తాళం కోసం చెయ్యి చాచింది. అతను నవ్వుతూ తాళాన్ని తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఆమె ఎగిరింది, అందలేదు. మళ్లీ ఎగిరింది. అతను ఇంకొంచెం పైకెత్తాడు. మూడోసారి ఆమె ఎగరలేదు. అటు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. కారు గొంతు సవరించుకుని వెళ్లిపోయింది.

"చూడు, ఎంత ముద్దుగా ఉన్నారో" అంది తల్లి వెనకనుంచి. ఫాదియా ఇంకా వీధి వైపే చూస్తుంటే, "ఏం, ముఖం మాడ్చుకున్నావా? ఇంటికి కోడలొస్తోంది, దిష్టి పెట్టకు" అంది.

"అమ్మా, నా కారు కోసి అతికించిందని నీకు తెలుసా?"

తల్లి పళ్లాలు ఒకదానిలో ఒకటి పెడుతోంది. "నాకేం తెలుస్తుందే కార్ల సంగతి. వాడు ఊరికే చెయ్యడులే. ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా, ఇకముందూ ఏం కాదు." చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. "అన్నట్టు, రేపు సాల్ట్ వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు. మా చెల్లెలికి పెళ్లి ముచ్చట్లు చెప్పాలి."

ఫాదియా కప్పులు ఏరుతోంది. ఒక కప్పు అడుగున కాఫీ గసి ఇంకా వెచ్చగా ఉంది.

"వెనక కూర్చుంటావా?" అంది.

"వెనకైతే మలుపుల్లో కడుపులో తిప్పుతుందే. ముందు కూర్చుంటా, నీ పక్కన."

అమ్మాన్ కార్లలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. పక్క సీటు ముందు కుడి మూలది, అతుకున్న వైపు.

ఫాదియా కప్పులు సింకులో పెట్టింది. పంపు తిప్పింది. నీళ్లు వేడెక్కేదాకా చెయ్యి కింద పెట్టి నిలబడింది.

"సరే అమ్మా" అంది.